ఐరిస్ నిలబడ్డ పక్క

ఒకప్పుడు బ్యాండులో పాడిన డెరిక్ ఫెయిర్‌బర్న్ రెండున్నరకు వస్తానన్నాడు. గ్లెనిస్ అక్రాయిడ్ పన్నెండింటి నుంచే కిటికీ దగ్గర నిలబడి, కొండ దిగి వచ్చే కార్లను ఒక్కొక్కటే లెక్కపెడుతోంది. మూడుసార్లు టీ పెట్టుకుని మూడుసార్లూ చల్లార్చేసింది. శాండ్‌విచ్ ఒక్క ముక్క కొరికి పక్కన పెట్టేసింది.

ముప్ఫై ఏళ్లుగా ఆమె చేసే పని ఒకటే. కంపెనీలు పాత పాటల టేపులు పంపుతాయి. ఎప్పుడో రెండు స్పీకర్ల కోసం కలిపేసిన ఆ పాటలను ఆమె పోగుపోగుగా విడదీసి, ఈసారి ముందు మూడు, వెనక రెండు, మొత్తం ఐదు స్పీకర్లలోకి పంచి, వినేవాడి చుట్టూ పరిచి పెడుతుంది. గొంతు ఎదురుగా, గిటార్ భుజం పక్కన, వంతపాట వీపు వెనక. ఈ పనిలో గ్లెనిస్ చెవులకు పేరుంది. లండన్ వాళ్లు కూడా మారు మాట్లాడకుండా ఉత్తరాన కొండల మధ్య ఉన్న హెబ్డెన్ బ్రిడ్జ్ ఊరి దాకా వచ్చి, ఒకప్పుడు చర్చి వాళ్లు ఆదివారం బడి నడిపిన ఈ గదిలో చేతులు కట్టుకుని కూర్చుని వినిపోతారు.

పంతొమ్మిది రోజుల కిందట నిద్ర లేచేసరికి ఆ చెవుల్లో ఒకటి పోయింది. కుడిది. నొప్పి లేదు, జ్వరం లేదు, పోయేముందు ఒక మాటైనా చెప్పలేదు. దాని స్థానంలో కెటిల్ మరుగుతున్నట్టు ఒక రొద మిగిలింది, అంతే.

ఆ పూటే డాక్టరు దగ్గరకు పరిగెత్తాల్సిన మనిషి, పరిగెత్తలేదు. ఎందుకంటే ఆ చుట్టుపక్కల చెవులు పరీక్షించే ఆయన శుక్రవారాలు పబ్బులో డ్రమ్స్ వాయిస్తాడు. ఆయన చెవిన పడితే ఈ లోయ ఊళ్లలో గిటార్ పట్టుకున్న ప్రతివాడి చెవినా పడ్డట్టే. తొమ్మిది రోజులు ఆగి, చివరికి దొంగలా లీడ్స్ నగరానికి వెళ్లింది. అక్కడి డాక్టరమ్మ మాత్రలు రాస్తూ, "కాస్త ముందు రావాల్సిందమ్మా" అంది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా గ్లెనిస్‌కు తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

డెరిక్ బ్యాండు వదిలేశాక సొంతంగా పాడుకున్న పాటలు పదమూడు. అందులో ఒకటి, కాలువ గట్టు పాట, గ్లెనిస్ నమూనాగా చేసింది. ఇవాళ అతను విని ఊఁ అంటే మిగతా పన్నెండూ ఆమెవే. ఏ మాత్రం అనుమానం వచ్చినా పాటలే కాదు, పేరు పోతుంది. ఒంటి చెవితో ఐదు స్పీకర్లకు పాట కలిపే మనిషికి ఈ లోకంలో ఎవరూ పని ఇవ్వరు.

అయినా చేసింది. ఎలా చేసిందో ఆమెకే తెలియాలి. ముందు స్పీకర్లను ఒక్కొక్కటిగా మోగించి, తల తిప్పి తిప్పి ఎడమ చెవితో విని సర్దుకుంది. వెనక ఉన్న రెండింటికీ అలా కుదరలేదు. కుర్చీనే వెనక గోడ వైపు తిప్పేసుకుని కూర్చుంది. ఇప్పుడు తన వెనకైన మీటల బల్ల మీదికి చెయ్యి చాచి, శబ్దాన్ని ఏ మూలకు కావాలంటే ఆ మూలకు నెట్టే చిన్న పిడిని తడుముకుంటూ తోసింది. మూడు రోజుల్లో అయ్యే పని పదకొండు రోజులు పట్టింది.

రెండు నలభైకి కారు ఆగింది. ముందుగా దిగింది డెరిక్ మరదలు మావిస్. డెబ్బై దాటినా స్టీరింగ్ ఎవరికీ ఇవ్వని మనిషి. తరవాత డెరిక్ దిగాడు, తోలు కోటు, టోపీ, చేతికర్ర.

"పది నిమిషాలు ఆలస్యం. ఈయన టోపీ వెతుక్కున్నాడు. నెత్తి మీదే ఉంది" అంది మావిస్ లోపలికి వస్తూనే.

"నువ్వు చెప్పొచ్చుగా?"

"చెప్పాను బావా. నాలుగుసార్లు చెప్పాను."

గ్లెనిస్ నవ్వబోయింది, ముఖం సహకరించలేదు. ఎడమ చెవి వాళ్ల వైపు ఉండేలా గోడవార నడుస్తూ, "రండి డెరిక్ గారూ, కూర్చోండి" అంది.

ఈ పనిలో ఒక ఆనవాయితీ ఉంది. గదిలో ఐదు స్పీకర్లూ సమానంగా వినిపించే చోటు ఒకటే ఉంటుంది. అక్కడ వేసిన కుర్చీ పాట కలిపినవాళ్లది. పాట వినిపించే రోజు మాత్రం పాడినవాళ్లకు ఇచ్చి, తాము లేచి పక్కన నిలబడాలి. డెరిక్ ఆ కుర్చీలో కూర్చున్నాడు. మావిస్ అతని వెనకే నిలబడింది. గ్లెనిస్ మీట నొక్కింది.

కాలువ నీళ్ల చప్పుడులా గిటార్ మొదలైంది. పంతొమ్మిది వందల డెబ్బై ఆరు నాటి డెరిక్ గొంతు ఎదురుగా లేచింది, పొగరుగా, ఇంకా ఏదీ పోగొట్టుకోని గొంతు. డెరిక్ తల కొంచెం పక్కకు తిప్పాడు. గ్లెనిస్ అతని ముఖం వైపు చూసింది. నచ్చలేదా? ముందు కుడి స్పీకరు ఎక్కువైందా? అది ఎక్కువైనా ఆమెకు తెలిసే దారి లేదు. పల్లవి వచ్చింది, వెనక నుంచి రెండు ఆడగొంతులు అందుకున్నాయి. ఒకటి అతని భార్య ఐరిస్‌ది. ఐరిస్ పోయి ఆరేళ్లు. రెండోది మావిస్‌ది.

రెండో పల్లవిలో డెరిక్ చెయ్యెత్తాడు. "ఆపు."

అయిపోయింది అనుకుంది గ్లెనిస్. ఆపింది.

డెరిక్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి. "ఐరిస్‌ని ఇంత దగ్గరగా ఎన్నేళ్లయింది విని! ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది." గ్లెనిస్ వైపు తిరిగాడు. "అవునూ, మావిస్‌ని ఎక్కడ పెట్టావ్ అమ్మాయ్? బయట కారులో కూర్చోబెట్టావా?"

"కారులోనా?" మావిస్ నడుము మీద చెయ్యి వేసుకుంది. "నీ ఎడమ చెవిలో గొంతు చించుకుంటున్నాను కదయ్యా! అసలు తప్పంతా అదే. అమ్మాయ్, మా ఇద్దర్నీ తారుమారు చేశావు. అక్క ఎప్పుడూ ఈయనకు ఎడమ పక్క, నేను కుడి పక్క. రికార్డు అట్ట మీద ఫొటో ఉందిగా, చూసుకోవద్దూ?"

గ్లెనిస్ చూసుకోకపోలేదు. ఫొటో చూసింది. కాగితం మీద 'ఐరిస్ ఎడమ' అని రాసుకుంది కూడా. ఎడమకే తోసింది. కాకపోతే వెనక్కి తిరిగి కూర్చుని, తన ఎడమకు తోసింది. ముందుకు తిరిగి వినేవాడికి అది కుడి. ఇన్నేళ్లలో ఏ కొత్తవాళ్లూ చెయ్యని తప్పు. తప్పు ఎలా జరిగిందో చెప్పాలంటే కుర్చీ ఎందుకు తిప్పిందో చెప్పాలి.

నోరు తెరిచింది. కానీ మావిస్ ఆమెను చూడడం లేదు, బావనే చూస్తోంది.

"ఇంత గట్టిగా వస్తుంటే నేను కారులో ఉన్నట్టు ఎలా వినిపించాను నీకు?"

డెరిక్ టోపీ అంచు నిమిరాడు. "ఎడమ చెవి పోయింది మావిస్. ఎనభై ఒకటిలో. డ్రమ్స్ పక్కన నిలబడీ నిలబడీ."

"అక్కకు తెలుసా?"

"ఎవరికీ చెప్పలేదు. చెవిటి పాటగాణ్ని ఎవడు పిలుస్తాడు?"

మావిస్ పక్కనున్న బెంచీ మీద కూలబడింది. ఇంతసేపూ గదిని నింపిన గొంతు సన్నబడింది. "గోడకు చెప్పుకున్నట్టుందే అనేది అక్క నాతో. పెద్ద పాటగాడైపోయాడు, పెళ్లాం మాట లెక్కలేదు అనేది. మంచంలో నీకు ఎడమ పక్కనే పడుకునేది కదయ్యా. ఆఖరి ఏడాది మాట్లాడడమే మానేసింది. జబ్బు వల్లనుకున్నావా నువ్వు?"

డెరిక్ కర్ర మీదికి వంగాడు.   తరవాత గ్లెనిస్ వైపు తిరిగాడు.

"నువ్వు కనిపెట్టేశావు కదూ? ఫోన్లో మాట్లాడినప్పుడో, ఇంటికి వచ్చినప్పుడో. అందుకే ఐరిస్‌ని నాకు వినిపించే పక్కకు తెచ్చిపెట్టావు. వట్టినే పేరు రాలేదమ్మా నీకు. మిగతా పన్నెండూ ఇలాగే చెయ్యి. కంపెనీలో రూపర్ట్‌కు నేను చెప్తాను, ఎవరేమన్నా గ్లెనిస్ చేసిందే ఖాయమని."

తల ఊపితే చాలు. మాట కూడా అక్కర్లేదు. తప్పు కాస్తా గొప్పతనమై ఒళ్లో వచ్చి పడింది. పన్నెండు పాటలు, ఇంకో నాలుగైదు నెలల పని, ఈలోగా మాత్రలు పనిచెయ్యవచ్చు. పొద్దున భర్త ఆలెక్ ఆమె కుడి పక్కన నిలబడి ఏదో అడిగాడు. ఏం అడిగాడో ఇప్పటికీ తెలియదు. జవాబు రాకపోయేసరికి తలుపు దబాలున వేసి వెళ్లాడు, ఆ మోత ఒక్కటే వినిపించింది. పంతొమ్మిది రోజులకే ఇలా ఉంది. ఈ ముసలాయన నలభై ఏళ్లు పైన లాగించాడు.

"నేను కనిపెట్టలేదు" అంది గ్లెనిస్. గొంతు ఎంత పైకి వచ్చిందో కూడా అంచనా దొరకలేదు. "అది తప్పు. కుర్చీ వెనక్కి తిప్పుకుని చేశాను, అందుకని తారుమారైంది. నాకు కుడి చెవి వినిపించడం లేదు డెరిక్ గారూ. మూడు వారాలైంది."

డెరిక్ ఆమెను తేరిపార చూశాడు. తరవాత ముందుకు వంగి, గుట్టు చెప్పేవాడిలా అన్నాడు. "అయితే నోరు మూసుకో. రూపర్ట్‌కు అనొద్దు. నేను నెట్టుకురాలేదూ? నేర్పుతాను, ఎలా నవ్వాలో, ఎక్కడ కూర్చోవాలో."

"ఏం నెట్టుకొచ్చావు?" అంది మావిస్.

ఆ ప్రశ్న తరవాత గ్లెనిస్‌కు ఇక ఆలోచించేందుకు ఏమీ మిగల్లేదు. ఫోను తీసి ఎడమ చెవికి పెట్టుకుని లండన్‌లో రూపర్ట్‌కు చేసింది. పాటలో తప్పు దొర్లిందని, ఎందుకు దొర్లిందో కూడా చెప్పింది.  అతను మంచివాడే. ఎంతో బాధగా ఉందన్నాడు, ఆరోగ్యం చూసుకోమన్నాడు, ఆపైన మిగతా పన్నెండూ ఎవరికి ఇస్తే బాగుంటుందో ఆమెనే అడిగాడు. గ్లెనిస్ ఒక పేరు చెప్పింది. చెప్పి ఫోను పెట్టేసింది. ముప్ఫై ఏళ్లూ నాలుగు నిమిషాల్లో అయిపోయాయి. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

"ఈ ఒక్కటీ సరిచేసి పంపుతాను" అంది కళ్లు తుడుచుకుంటూ.

"వద్దమ్మా, అలాగే ఉంచు" డెరిక్ గొంతు బతిమాలుతోంది. "అటు మారిస్తే ఆమె నాకు దూరమైపోతుంది."

"ఆమె నిలబడ్డది ఆ పక్క" అంది మావిస్. "నీకు వినిపించకపోతే అది నీ ఖర్మ బావా. వినేవాళ్లందరికీ మా అక్క తన చోట వినిపించాలి."

డెరిక్ ఆమె వైపు చూశాడు, గ్లెనిస్ వైపు చూశాడు. కోపం తెచ్చుకోబోయాడు, దానికి కావలసిన బలం దొరకలేదు. టోపీ నెత్తిన పెట్టుకుని, "సరే, మార్చు" అన్నాడు.

గ్లెనిస్ ఈసారి ముందు స్పీకర్ల వైపే తిరిగి నిలబడి మార్చింది. పాట మళ్లీ మొదలైంది. పల్లవి వచ్చింది. డెరిక్ మెడ నిక్కించి వింటున్నాడు.

"వినిపిస్తోందా?" అంది మావిస్.

"లేదు" అన్నాడతను. "సరిగ్గా లేదు."

గ్లెనిస్‌కు ఐరిస్ వినిపిస్తోంది గానీ ఏ మూల నుంచో తెలియడం లేదు. సరైన చోటే పెట్టిందా?  ఆమె మావిస్ ముఖం వైపు చూసింది. డెరిక్ కూడా అటే చూస్తున్నాడు. మావిస్ కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ, నెమ్మదిగా ఎడమ చెయ్యి ఎత్తి వెనక ఎడమ మూలకు చూపించింది.

"అక్కడుంది" అంది.