ఓడరేవులో మంచినీళ్ల షెడ్డు

ఐలేశ్ పైపు చివర దోసిలి పట్టి, మొదటి నీళ్లు నోట్లో పోసుకుని, కాసేపు నాలుక మీద ఉంచుకుని మింగేవేళకు గట్టమ్మ ఆరో గది కడగడం పూర్తి చేసింది. కొబ్బరి పుల్లల చీపురుతో ఇసుకను గుమ్మం బయటికి నెట్టింది. మూలన నిన్నటివాళ్లు వదిలేసిన సబ్బు ముక్క కరిగి నేలకు అతుక్కుపోయి ఉంటే గోటితో గీకి తీసి కొంగున వేసుకుంది. సముద్రం మీద వెలుతురు ఇంకా పలచగానే ఉంది.

"ఎట్లున్నయి?" అంది.

"బాగనే ఉన్నయి. జర సప్పగున్నయి, గంతే."

పదిహేడేళ్లుగా వాళ్లకు తెల్లవారేది ఈ రెండు మాటలతోనే. చీరాల ఓడరేవులో, అలలకు రెండు వందల అడుగుల ఇవతల, సరుగుడు తోపును ఆనుకుని ఉంటుంది ఆ రేకుల షెడ్డు. ఆరు స్నానాల గదులు, నల్లటి ట్యాంకు ఒకటి, మోటారు ఒకటి. సముద్రంలో మునిగి వచ్చినవాళ్లు ఒంటి మీద ఉప్పూ ఇసుకా కడుక్కోవడానికి ఇక్కడికొస్తారు. బకెట్లు, గదులు గట్టమ్మ చూస్తుంది. మోటారు, ట్యాంకు, వచ్చినవాళ్ల చెప్పులు, సంచులు ఐలేశ్ చూస్తాడు. షెడ్డు ఆసామి చీరాలలో ఉంటాడు. నెలకోసారి వచ్చి, ఒక కొబ్బరి బోండాం తాగి పోతాడు.

ఇవాళ కార్తీకంలో ఆఖరి ఆదివారం. మధ్యాహ్నం రైలుకు ఐలేశ్ సొంతూరు చిట్యాల పోతున్నాడు. పెళ్లికో చావుకో కాదు, అక్కడే ఉండటానికి.

ఊళ్లో వాళ్లకు రెండెకరాల మెట్ట చెలక ఉంది. ఇన్నాళ్లూ తమ్ముడు మహేందర్ చూసుకున్నాడు. ఓ ఏడు పత్తి పెట్టాడు, ఓ ఏడు బీడు వదిలాడు. ఇప్పుడు అతనికి భూపాలపల్లి గనుల్లో కాంట్రాక్టు పని దొరికింది. అదే ఏడు కాలువ నీళ్లు చెలక గట్టుదాకా వచ్చాయి. "నీళ్లచ్చినంక గూడ బీడు పెడితే ఊరోళ్లు నవ్వుతరన్నా" అన్నాడు మహేందర్ ఫోన్లో. యాసంగి వరికి నారు పోయాలంటే ఎవరో ఒకరు పోవాలి. షెడ్డు వదిలేస్తే కూతురు శ్రీలత చదువు ఆగుతుంది. గుంటూరులో నర్సింగు చదువుతోంది ఆ పిల్ల, ఇంకా రెండేళ్లుంది. ఎటు తిప్పి చూసినా ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ ఉండక తప్పదు.

"నేను పోత" అంది గట్టమ్మ మొదట. "నాట్లేసుడు నాకు రాదా?"

"ఎందుకు రాదు. కాలువ కాడ మడికి నీళ్లు మలుపుకునుడు, పక్కోనితోటి లొల్లి, గవన్నీ నీకెందుకు?"

లొల్లి తనకూ వచ్చునని అనబోయింది. కానీ నీళ్లు వచ్చాయన్న మాట చెవిన పడిన రోజు అతని మొహం ఆమె చూసి ఉంది. ఫోను పెట్టేశాక కూడా దాన్ని చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాడు. నలభై తొమ్మిదేళ్ల మనిషి, కనుబొమ్మలు నెరిసి, ఉప్పుకు మడమలు పగిలిన మనిషి, కొత్త బట్టలు తెచ్చారని విన్న పిల్లాడిలా ఎటో చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత ఆమె మళ్లీ నేను పోతాననలేదు.

ఆ చెలకలో ఐలేశ్ తండ్రి మూడు బోర్లు వేయించాడు. మూడింట్లోనూ దుమ్మే లేచింది. మూడో బోరు వేసిన లారీ తిరిగి పోతుంటే ఐలేశ్ దాని మీదే కూలీగా ఎక్కాడు. రాళ్లలో, బంక మట్టిలో, ఊరూరా తిరిగి తిరిగి ఆ లారీ ఒకనాడు ఈ ఇసుకలోకి వచ్చింది. అరవై అడుగులు దింపితే నీళ్లు పడ్డాయి గానీ నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు. ఆసామి తల పట్టుకు కూర్చున్నాడు. చుట్టుపక్కల బెస్తవాళ్లు చెలమలు తీసుకుని తాగడం చూసిన ఐలేశ్, "సార్, లోతుకు పోవద్దు. మీద్ది మీద్దనే ఉంటయి నీళ్లు" అన్నాడు. పద్నాలుగు అడుగుల దగ్గర తియ్యటి నీళ్లు పడ్డాయి. "నువ్వే ఉండి చూసుకోవయ్యా" అన్నాడు ఆసామి. లారీ వెళ్లిపోయింది. ఐలేశ్ ఉండిపోయాడు.

నెల తిరగకుండా మూడేళ్ల శ్రీలతను చంకనేసుకుని గట్టమ్మ దిగింది. తొర్రూరు పక్క పుట్టిన మనిషి. చెరువు నిండి మత్తడి దూకడమే ఆమె చూసిన పెద్ద నీళ్లు. బస్సు దిగి సముద్రాన్ని చూసి, "గీ సప్పుడు రాత్రి బందు చేస్తరా?" అని అడిగింది. ఐలేశ్ పదిమందికి చెప్పుకుని నవ్వాడు. బెస్తవాళ్ల ఇంటి వెనక ఒంటి గది, పైన రేకులు. ఇంటామె పోలేరమ్మకు గట్టమ్మ ఏం మాట్లాడినా సినిమా చూసినట్టుండేది. "జర ఆగుండ్రి" అంటే చాలు, పైట నోటికి అడ్డం పెట్టుకునేది. మొదటి ఏడు ఆ నవ్వు గట్టమ్మకు ముల్లులా గుచ్చుకుంది. రెండో ఏడు శ్రీలతకు జ్వరం వచ్చి మూడు దినాలు దిగకపోతే, పిల్లను భుజానేసుకుని చీరాల పరుగెత్తింది పోలేరమ్మే. ఆటోలో గట్టమ్మ పక్కన కూర్చుని "దవాఖానకి పోనీరా, తొందరగా" అంది ఆటోవాడితో. దవాఖాన అన్న గట్టమ్మ మాట ఆమె నోట తనకు తెలియకుండానే వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటి నుంచి నవ్వు గుచ్చుకోలేదు.

తొమ్మిదయ్యేసరికి బస్సులు మొదలయ్యాయి. తోపులో వంటల పొగ లేచింది. ఉసిరిచెట్టు లేదని ఎవరో ఉసిరికొమ్మ తెచ్చి ఇసుకలో పాతి, దాని కింద ఆకులు పరిచారు. ఒంటి నిండా ఇసుకతో పిల్లలు, తడి చీరలు ఎత్తిపట్టుకున్న ఆడవాళ్లు షెడ్డు ముందు వరుస కట్టారు. గట్టమ్మ బకెట్లు అందిస్తూ, గదుల్లోంచి వదిలేసిన సబ్బు ముక్కలు ఏరుతూ తిరుగుతోంది.

ఆ ఇంట్లో ఒంటి సబ్బు కొన్నది లేదు. ఎర్రవి, పచ్చవి, తెల్లవి, వచ్చిన ముక్కలన్నీ తడిపి, పిసికి, నిమ్మకాయంత ఉండలు చేసేది గట్టమ్మ. శ్రీలత బడికి పోతే పక్క పిల్లలు, ఏం సబ్బు వాడతావే, రోజుకో వాసనొస్తావు అని అడిగేవారట. "ఏం చెప్పినవ్?" అంటే, "ఫారిన్‌ది అని చెప్పిన" అంది, ఆరేళ్ల పిల్ల. ఆ పిల్లకు రెండు నాలుకలు. బడిలో అచ్చం ఓడరేవు పిల్ల, గడప దాటి లోపలికొస్తే చిట్యాల పిల్ల. ఇప్పటికీ హాస్టల్లో ఫోనెత్తి రెండు ముక్కలు మాట్లాడితే చాలు, అవతల ఉన్నది ఇంటివాళ్లో కాదో పక్క మంచాల వాళ్లకు తెలిసిపోతుందట.

కాస్త వరుస తగ్గాక, ట్యాంకు నీడలో నిలబడి ఐలేశ్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. చూపు అలల వైపుంది. ఒక ముసలామె మనవడి చెయ్యి పట్టుకుని, మోకాళ్లదాకా నీళ్లలోకి దిగి, అల వచ్చినప్పుడల్లా వెనక్కి ఉరుకుతోంది.

"అవ్వ యాదికొస్తున్నదా?" అంది గట్టమ్మ.

"ఊఁ."

అతని తల్లి లచ్చవ్వ పోయి ఆరేళ్లయింది. ఒక్కసారే వచ్చింది ఇక్కడికి, మక్కజొన్నల సంచి నెత్తిన పెట్టుకుని. ఆదివారాలు పని, సెలవలకు పని. సముద్రం ఒడ్డునే బతుకుతూ అప్పటిదాకా వాళ్లెవరూ సముద్రంలో మునిగింది లేదు. అవ్వ వచ్చిందని ఒక మంగళవారం షెడ్డుకు తాళం వేసి నలుగురూ పోయారు. లచ్చవ్వ వంగి, ఒక పుడిసెడు నీళ్లు నోట్లో పోసుకుని థూ అని ఊసింది. "గిన్ని నీళ్లు పెట్టి గింత ఉప్పెందుకు కలిపిండురా దేవుడు? ఒక్క మడన్న పారకపాయె" అంది. తర్వాత అల వచ్చి కాళ్లు లాగేసరికి కూలబడి, లేవకుండా అక్కడే కూర్చుని, పంటి వరుస అంతా కనిపించేలా నవ్వింది. ఐలేశ్ శ్రీలతను మెడ మీద ఎక్కించుకున్నాడు. గట్టమ్మ చీర తడిస్తే మార్చుకోవడానికి ఇంకో చీర లేదన్న సంగతి మర్చిపోయి గొంతుదాకా దిగింది. పొద్దు వాలేదాకా ఉన్నారు. ఇంటికొచ్చి, పోలేరమ్మ ఇచ్చిన కవళ్ల చేపల పులుసుతో, లచ్చవ్వ తెచ్చిన మక్కలు విసిరి వండిన గట్కతో కడుపునిండా తిన్నారు. ముసలామె పోయేటప్పుడు ఒక సీసాలో సముద్రపు నీళ్లు పట్టుకుపోయింది, వాడకట్టు వాళ్లకు రుచి చూపించాలని. ఊళ్లో తలా చుక్క నాలుకకు రాసి, మొహాలు ముడుచుకుంటుంటే చూసి నవ్వేదట.

మళ్లీ ఒకనాడు పోదామనుకున్నారు. ఆ మళ్లీ రాలేదు.

"ఇయాళ పొద్దుగాల దిగితే మంచిగుండు" అన్నాడు ఐలేశ్, అలల వైపు చూస్తూనే.

"గిరాకి టైమ్‌ల యాడ దిగుతవు."

"అదే అంటున్న."

పన్నెండున్నరకు గట్టమ్మ ఇంటికి పోయి అన్నం డబ్బా కట్టుకొచ్చింది. రెండు జొన్న రొట్టెలు, పప్పుచారు, వేయించిన ఎండు చేప. పోలేరమ్మ కర్ర ఊతంగా వెంట వచ్చింది. అరవై దాటిన మనిషి. మోకాళ్లు సహకరించక, షెడ్డు ముందు బల్ల మీద కూలబడింది.

"ఏమయ్యా ఐలేశూ, పిల్లని, పెళ్లాన్ని మాకొదిలేసి పోతన్నావా?"

"మీరున్నరని పోతున్న అక్కా."

"ఉంటాలే. పైరు ఏపుగా రానీ. కొత్తబియ్యం ఒక కుంచం నాకు పంపాల."

"బస్తనే ఏసుకొస్త."

"బస్తా ఎవరికయ్యా, నాకున్నది నాలుగు పళ్లు" అంది పోలేరమ్మ. ఆ మాట అన్నాక బల్ల మీద రాలిన సరుగుడు ఆకులు గిల్లింది.

సంచి చిన్నది. రెండు లుంగీలు, మూడు చొక్కాలు, చలికి ఒక శాలువా. పదిహేడేళ్లలో ఇద్దరూ కలిసి కొన్నవన్నీ ఇద్దరికీ కావలసినవే గనుక పట్టుకుపోవడానికి విడిగా అతనివంటూ ఏవీ లేవు. వంట గంజు ఒకటి తీసుకుపొమ్మంటే వద్దన్నాడు. మంచం అసలే ఒకటి. మహేందర్ ఇంట్లో అన్నీ ఉంటాయన్నాడు.

గట్టమ్మ చెప్పదలచినవి చాలా ఉన్నాయి. పొద్దున్నే చన్నీళ్లు పోసుకోవద్దని, బీపీ గోలి మరవొద్దని, ఉగాదికి రాకపోయినా నాట్లయ్యాక ఒకసారి వచ్చి మొహం చూపించమని. పెళ్లయ్యాక లారీ మీద తిరిగిన రోజులు తీసేస్తే, ఒకరు లేకుండా ఒకరు పడుకున్నది వేళ్ల మీద చెప్పొచ్చు. ఇవన్నీ నిన్న చెబుదామనుకుంది. నిన్న శనివారం, ట్యాంకు కడిగే పని పడింది. ఇప్పుడు చెబుదామంటే రెండు బస్సులు ఒక్కసారే వచ్చి ఆగాయి.

చీరాల పోయే ఆటో తోపు దగ్గర హారన్ కొట్టింది. గట్టమ్మ రెండు చేతుల్లోనూ నిండు బకెట్లున్నాయి. ఐలేశ్ సంచి భుజాన వేసుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"పోయొస్త" అన్నాడు.

"అన్నం డబ్బ నిలువుగ పెట్టు. అడ్డం పడితే చారు కారుతది."

"నిలువుగనే పెట్టిన."

అతను ఆమె చేతిలో ఒక బకెట్ అందుకుని, మూడో గది దగ్గర పెట్టి వచ్చాడు. ఇంకేదో అంటాడని ఆమె చూసింది. అతనూ అదే చూసినట్టున్నాడు.

"అమ్మా, రెండో గదిలో నీళ్లు రావట్లేదండీ" అని లోపలి నుంచి ఎవరో కేకేశారు.

"వస్తున్నయమ్మా, జర ఆగు" అంటూ గట్టమ్మ వెళ్లి, కొళాయికి పట్టిన ఇసుక వేలితో తీసి, నీళ్లు దూకేదాకా నిలబడి బయటికొచ్చింది. ఆటో తోపు మలుపు దాటిపోయింది. రోడ్డు మీద లేచిన దుమ్ములోంచి ఒక ఐస్ బండివాడు తొక్కుకుంటూ ఇటు వస్తున్నాడు.

ఆమె ఏడవలేదు. గిరాకీ ఉన్న పూట ఏడవడానికి లేదు. నాలుగింటికి శ్రీలత ఫోను చేసింది.

"అవ్వా, బాపు ఎక్కిండా?"

"ఎక్కిండంట. వరంగల్ల దిగి, పరకాల బస్సుకు పోతడు."

"నువ్వు తిన్నవా?"

గట్టమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. "తిన్న బిడ్డా" అంది. "చదువుకో. ఉంట."

అయిదున్నరకు జనం పలచబడ్డారు. తోపులో ఉసిరికొమ్మ వాలిపోయి ఉంది. ఆఖరి బస్సు పిల్లలు కాళ్లు కడుక్కుంటుండగా ట్యాంకు అడుగుకొచ్చి కొళాయిలు బుసకొట్టాయి. గట్టమ్మ మోటారు వేయడానికి షెడ్డు వెనక్కి పోయింది.

స్టార్టరు డబ్బా కరెంటు స్తంభానికి ఉంది. పిల్లలకు అందకూడదని ఐలేశ్ తన ఎత్తుకు బిగించుకున్నాడు. ఆమె తల అతని భుజం కిందికే వస్తుంది. ఇన్నేళ్లలో ఆమె దాని మీద చెయ్యి వేయాల్సిన పని పడలేదు. చలిజ్వరంతో మూలిగిన రోజుల్లో కూడా అతనే దుప్పటి కప్పుకుని వచ్చి వేసి పోయేవాడు. అందదేమో, ఎవరినైనా పిలవాలేమో అనుకుంటూ స్తంభం దగ్గరికొచ్చి ఆగిపోయింది.

స్తంభం మొదట్లో ఒక పీట ఉంది. ఎప్పుడు చేశాడో, ఎవరింట్లో దాచాడో తెలియదు. గట్టమ్మ చెప్పులు విడిచి దాని మీదికెక్కింది. పచ్చ బటన్ సరిగ్గా ఆమె కంటి ఎదుటికొచ్చింది. నొక్కి పట్టుకుంది. మోటారు ఒకసారి మూలిగి అందుకుంది. పైన ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించాక కూడా ఆమె కాసేపు దిగలేదు.

దిగి, పిల్లలకు నీళ్లు వచ్చాయో లేదో చూడటానికి ముందుకు పోయింది. పీట అక్కడే ఉంది. విరిగిన పడవ చెక్కతో చేసినది. అంచుల్లో నీలం రంగు ఇంకా పోలేదు. అక్కడి ఇసుక సముద్రం వైపు వాలుగా ఉంటుంది గనుక, ఆ వైపు రెండు కాళ్లూ బెత్తెడు పొడవుంచాడు.