నిండుకున్న బియ్యం

తాడేపల్లిగూడెంలో మాది బియ్యం కొట్టు. మా నాన్న కాలం నుంచీ ఉంది. పిడికెడు బియ్యం నా అరచేతిలో పోస్తే అవి పాతవో కొత్తవో, ఏ రకమో చటుక్కున చెప్పేస్తాను. ఆ బియ్యానికి ఎసరు ఎంత పొయ్యాలో మాత్రం మొన్నమొన్నటిదాకా నాకు తెలియదు. మా ఆవిడ దుర్గాదేవి ఉండగా తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు.

వానల మొదట్లో ఆవిడ పెరట్లో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. తణుకు తీసుకెళ్లి కట్టు వేయించాను. మా అమ్మాయి శిల్ప వచ్చి, సెలవున్నన్ని రోజులూ ఉండి, చేసిపెట్టి వెళ్లింది. తర్వాత కూరా చారూ కర్రీ పాయింట్ నుంచి వస్తున్నాయి. అన్నం మాత్రం ఇంట్లోనే ఉడకాలని ఆవిడ పట్టు. బియ్యం కొట్టువాళ్లు అన్నం కొనుక్కుని తింటున్నారంటే నలుగురూ నవ్వుతారట. అలా కుక్కర్ నా మెడకు చుట్టుకుంది.

మొదటి రోజు డబ్బా మూత తీసి, సోలతో కొలిచి గిన్నెలో పోశాను. మూత పెట్టబోతుంటే, వంటింటికి ఎదురుగా ఉన్న మంచం మీద నుంచి కేక.

"ఏవండీ, చిటికెడు తిరిగి వెయ్యలేదు!"

"ఎందుకూ?"

"ఎందుకేంటండీ? కొలుచుకున్నాక నాలుగు గింజలు మళ్లీ డబ్బాలో వెయ్యాలి. అత్తయ్యగారూ అలాగే వేసేవారు. ఎప్పుడూ చూళ్లేదా మీరు?"

కొలిచిన సరుకు మళ్లీ బస్తాలో పోస్తే కొట్టు నడిచినట్టే అని సణుక్కుంటూ గుప్పెడు తీసి వేశాను.

"గుప్పెడు కాదండీ, మనం తినొద్దా? మూడు వేళ్లతో. మెల్లిగా."

మూడు వేళ్లతో మెల్లిగా వేశాను. గింజల మీద గింజలు పడి చిన్న చప్పుడైంది. వేల బస్తాలు దింపించినవాణ్ణి, బియ్యం చప్పుడు నాకు కొత్త కాదు. కానీ ఈ చప్పుడు కొట్టుది కాదు. ఇది మా అమ్మది.

మా అమ్మ వీరరాఘవమ్మ బియ్యం ఇత్తడి బిందెలో పోసి ఉంచేది. పొద్దున్నే చేట ముందు పెట్టుకుని రాళ్లు ఏరుతుంటే, నేను ఆవిడ మోకాలికి ఆనుకుని కూర్చుని బియ్యం బుక్కేవాణ్ణి. "పచ్చి బియ్యం తింటే నీ పెళ్లిలో వాన పడుతుందిరా" అనేది, అంటూనే ఇంకో నాలుగు గింజలు నా నోట్లో వేసేది. ఆవిడ మాట పోలేదు. కలిదిండిలో నా పెళ్లినాడు పడ్డ వానకి మగపెళ్లివారమంతా పంచెలు ఎగ్గట్టుకుని మోకాళ్లలోతు నీళ్లలో విడిదికి నడిచాం. దుర్గ ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఒకరోజు అమ్మ, "కొట్టుకెళ్లి నాన్నగారితో బియ్యం నిండుకున్నాయని చెప్పరా" అంది. నేను పరుగెత్తుకెళ్లి, "బిందె నిండా బియ్యం ఉన్నాయట నాన్నా" అని చెప్పొచ్చాను. నాన్న సంతోషించి ఊరుకున్నారు. ఆ మధ్యాహ్నం ఊరందరికీ బియ్యం అమ్మేవాళ్ల ఇంట్లో అందరం ఉప్మా తిన్నాం. సంగతి తెలిసి నాన్న పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"అయిపోయాయని చెప్పొచ్చు కదా!" అన్నాను అమ్మతో.

"తప్పురా మల్లేశూ. ఇన్నాళ్లూ మన కడుపులు నింపిన బిందెను పట్టుకుని అయిపోయింది అంటామా? నిండుకుంది అనాలి" అంది. తర్వాత నన్ను బిందెలోకి వంగి చూడమంది. అడుగున నాలుగు గింజలున్నాయి. రోజూ తిరిగి వేసినవి. "చూశావా, ఉన్నాయి" అంది.

మూడు వేళ్లతో చిటికెడు వేసిన ఆ రోజు నుంచి నాకు కుక్కర్ పెట్టడం విసుగనిపించలేదు. రోజూ పొద్దున్న కాసేపు అమ్మ పక్కన కూర్చుని లేచినట్టుండేది. చిటికెడు వేసేటప్పుడు ఒక్కోసారి కళ్లు చెమర్చేవి. ఇన్నేళ్లు బియ్యం మీద బతికి, ఆ బియ్యానికి ఒక్కసారి దణ్ణం పెట్టుకోలేదు నేను. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు నా బదులు రోజూ పెట్టారు.

కొన్నాళ్లకు దుర్గ కట్టు విప్పారు. ఎముక అతికింది గానీ వేళ్లు కదలడం లేదు. బొటనవేలూ చూపుడువేలూ ఎంత ప్రయత్నించినా ఒకదాన్నొకటి అందుకోవు. డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చి, నొక్కుతూ ఉండమన్నాడు. వాడకపోతే వేళ్లు అలాగే బిగుసుకుపోతాయని ఇద్దరికీ గట్టిగా చెప్పాడు. ఆవిడ రెండు రోజులు నొక్కి, నొప్పికి ఏడ్చి, బంతిని టీవీ పక్కన పెట్టేసింది.

"ఇంక నా చెయ్యి అయిపోయిందండీ."

"అయిపోయింది అనకు."

"పోనీ నిండుకుంది అనమంటారా?"

నవ్వుతూనే అంది. ముగ్గు పెడుతూనో, పూలు కడుతూనో, చింతపండు పిసుకుతూనో తప్ప ఆ చెయ్యి ఊరికే ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు దాన్ని ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది. అన్నం ఎన్నాళ్లయినా నేను వండగలను. ఆ మనిషి అలా కూర్చుండిపోతే మాత్రం చూడలేను.

నాకు ఓపిక తక్కువని మా కొట్లో ఎవర్నడిగినా చెబుతారు. ఒకరోజు పొద్దున్న సోలతో బియ్యం కొలిచి గిన్నెలో పోసి, ఆవిడ వింటుండగా డబ్బా మూత టప్పున పెట్టాను.

"ఏవండీ, వెయ్యలేదు" అంటూ వంటింట్లోకి వచ్చింది.

మూత తీసి గిన్నె ఆవిడ ముందుకు తోశాను. "నువ్వెయ్యి."

"నా చేత కాదని తెలిసీ..."

"అయితే ఇవాళ అన్నం లేదు. కుక్కర్ పెట్టను."

నా వంక కోపంగా చూసింది. నేనూ కదల్లేదు. ఎడమ చేత్తో వేస్తుందేమో అనుకున్నాను. బియ్యాన్ని ఆవిడ ఎడమ చేత్తో ముట్టదు. కుడి చెయ్యే గిన్నెలో పెట్టింది. వేళ్లు కలవలేదు. మళ్లీ పెట్టింది. ఈసారి పైకి వచ్చిన గింజలన్నీ డబ్బా దాకా రాకుండానే జారి నేల మీద చెల్లాచెదురయ్యాయి. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత మొండితనం ఎందుకు చేశానా అనిపించి దగ్గరకు వెళ్లబోయాను.

"ఆగండి! తొక్కకండి, అన్నం!" అని అరిచింది.

కాలు ఎత్తినవాణ్ణి ఎత్తినట్టే ఉండిపోయాను. ఆవిడ పీట లాక్కుని కూర్చుని, కుడి చేత్తో నేల మీది గింజలు ఏరడం మొదలుపెట్టింది. చెయ్యి అయిపోయిందన్న సంగతి ఆ క్షణంలో ఆవిడకు గుర్తులేదు. అన్నం కాళ్ల కిందికి పోతుందన్నదొక్కటే ఉంది. ఒక గింజ వేళ్ల మధ్య నుంచి ఎన్నిసార్లు జారిందో! పళ్లు బిగించి దాన్ని గోడ దాకా తరిమి పట్టుకుంది. పట్టుకున్నప్పుడు చూశాను, బొటనవేలూ చూపుడువేలూ కలిశాయి. ఆ మాట పైకి అంటే మానేస్తుందని భయం.

చివరి గింజ కూడా ఏరి, లేచి, నాలుగు గింజలు డబ్బాలో వేసింది. ఆ చిన్న చప్పుడైంది. ఆ రోజు మేం అన్నం తినేసరికి బాగా పొద్దెక్కింది.

మర్నాడు సోల నా చేతిలోంచి కాస్త ఒరిగింది. గుప్పెడు బియ్యం నేలపాలయ్యాయి.

ఆవిడ గుమ్మంలో నిలబడి నన్నూ నేలనూ మార్చి మార్చి చూసింది.

"చేతికి నెయ్యి గానీ రాసుకున్నారా?"

"ఏం చెయ్యనే, వయసు అయిపోయింది" అన్నాను.

"అయిపోయింది అనకండి" అంది, పీట లాక్కుంటూ.