రాజ్యం చెయ్యి

ముందేది జరిగిందో, తర్వాతేదో, వరస తప్పొచ్చు. పాలు విరగడం మొదలైంది ఈస్టరు తర్వాతే. అదొక్కటి గట్టిగా గుర్తు.

దుబాయి అల్ కుసైస్‌లో కుసుమకుమారి ఇంట్లో తెల్లవారితే మొదటి పని ఫ్రిజ్ తుడవడం. పనిచేసే రాజ్యం రాజోలు దగ్గరి మనిషి. ఒక్కో అరనీ అరచేత్తో నిమిరినట్టు తుడిచేది. ఆమె చేతులు ఎప్పుడూ మంచుగడ్డల్లా ఉండేవి. ఆమె తోడు పెడితే పెరుగు కాదని ఆ పని మాత్రం చెప్పేవారు కాదు. బిల్డింగులో పిల్లలకి జ్వరమొస్తే తీసుకొచ్చి, నుదుటి మీద ఆ చెయ్యి వేయించుకుని వెళ్లేవారు. అందులో వింత ఉందని ఎవరూ అనుకోలేదు.

ఈస్టరుకి రాజ్యం రెండు రోజులు షార్జాలో చెల్లెలి గదికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పాలు విరిగాయి, చేపలు వాసన కొట్టాయి. ఫ్రిజ్ తలుపు మీద మాత్రం ఎప్పటిలాగే నాలుగు డిగ్రీలని అంకె వెలుగుతోంది.

"తలుపు సరిగ్గా వెయ్యకుండా పోయావు," అంది కుసుమకుమారి.

"లేదండమ్మగారూ, నొక్కి మరీ ఏసానండి."

"మిషను అబద్ధం చెబుతుందా? ఇకమీదట ఫ్రిజ్ ముట్టుకోకు."

రాజ్యం ముట్టుకోలేదు. మర్నాడూ పాలు విరిగాయి, ఆ మర్నాడూ. ఫ్రిజ్ పాడుచేసింది రాజ్యమేనని కుసుమకుమారికి రూఢి అయిపోయింది.

"వీసా క్యాన్సిల్ చేయించండి. ఖలాస్," అంది భర్త రామచంద్రరావుతో, రాజ్యం వింటుండగానే. ఊళ్లో కూతురి నర్సింగు చదువు ఈ కొలువు మీదే నడుస్తోంది. అయినా రాజ్యం వెళ్లి పెట్టె సర్దుకుంది.

శనివారం మెకానిక్ రహమతుల్లా వచ్చాడు, కరీంనగర్ మనిషి. లోపలి మూత విప్పి, తీగ చివరున్న చిక్కుడు గింజంత సెన్సరుని మీటరుకి తగిలించాడు.

"అమ్మా, గ్లాసుల ఐస్ తెండి. సల్లదనం తగిలితే మీటరుల రెసిస్టెన్స్ అంకె ఎక్కాలె."

ఐస్ ఎక్కడిది, అంతా నీరే.

"నా సేతిలో ఎట్టండి," అంది రాజ్యం అరచెయ్యి చాపి.

పెట్టాడు. అంకె కదల్లేదు. సంచిలోంచి వేరే ఫ్రిజ్‌ది మంచి సెన్సరు తీసి అదే అరచేతిలో పెట్టాడు. అంకె గబగబా ఎక్కింది.

"పాతదే దొంగ. తుప్పు జూడుండ్రి, పోయి నాలుగైదు నెలలైంది. సల్లగనే ఉన్నదని అబద్ధం జెప్తాంది, మిషను నమ్మి పండుకుంటాంది. ఇన్ని దినాలు పాలెట్ల నిలిచినయమ్మా?"

కుసుమకుమారి రాజ్యం చేతుల వంక చూసింది. డిసెంబరులో మనవడికి నూట మూడు జ్వరం వస్తే, తగ్గేదాకా వాడి నుదుటి మీద ఉన్నది ఆ చెయ్యే. అంతా తెలిసి, తలుపు మీది అంకెని నమ్మింది కుసుమకుమారి. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏమండీ, ఆ క్యాన్సిల్ కాయితం..."

"ఇంకా పంపలేదులే," అన్నాడు రామచంద్రరావు ఆమె వంక చూడకుండా. జేబులోంచి తీసి నాలుగు ముక్కలు చేశాడు.

ఈ మోడలు సెన్సరు రావడానికి రెండు రోజులు పడుతుందని చెప్పి రహమతుల్లా వెళ్లాడు. కుసుమకుమారి కొత్త పాల డబ్బా పట్టుకుని ఫ్రిజ్ ముందు నిలబడిపోయింది.

వెనకనుంచి రాజ్యమే మెల్లగా అడిగింది.

"అమ్మగారూ, ఇప్పుడు ముట్టుకోవచ్చాండి?"

నిఖితా, అమ్మమ్మ మతిమరుపు నీకు తెలుసుగా. పేర్లు ఓసారి చూసిపెట్టు తల్లీ. మెకానిక్ పేరు మీద నాకు అనుమానమే. కుసుమకుమారి పేరు మాత్రం చూడక్కర్లేదు. అది నా పేరేగా.