ల్యాప్‌టాప్‌కు బొంత

పిల్ల అంత దూరంలో ఒక్కతే ఎలా ఉంటుందోనని బెంగపెట్టుకుని, ఆరు నెలల వీసా మీద కెనడాలోని హామిల్టన్‌కు వచ్చాను. వచ్చాక తెలిసింది, ఇక్కడ ఒక్కదాన్నయ్యేది నేనేనని.

మా అమ్మాయి సాత్విక పొద్దున ఐదింటికి కాఫీ షాపు పనికి వెళ్తుంది. ఒంటిగంటకు వచ్చి, నాలుగు ముద్దలు తిని, రెండు గంటలు పడుకుంటుంది. లేచి కాలేజీకి పోతుంది. కాలేజీ నుంచి వచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండదు. మేముండేది ఇంటి అడుగున, నేలలోకి ఉన్న భాగంలో. ఆ ఏడు మన పిల్లలు ఎంతమంది దిగారంటే, ఆ నాలుగు గదుల్లోనే ఏడుగురు ఆడపిల్లలు. అయినా రోజంతా నాకు వినపడేది తలుపుల చప్పుడే. ఒకతి వస్తే ఒకతి పోతుంది.

మా గది కిటికీ పైకప్పుకు ఆనుకుని ఉండేది. అందులోంచి చూస్తే దారిన పోయేవాళ్ళ కాళ్ళు తప్ప ముఖాలు కనపడవు. నెల తిరిగేసరికి ఎవరి బూట్లు ఎవరివో గుర్తుపట్టేదాన్ని. సాత్వికవి నల్లవి, ఎడమదాని లేసు ఎప్పుడూ వదులే. ఎక్కడ కాలికి అడ్డంపడి పడుతుందోనని రోజూ నాకు భయమే.

పక్కగదిలో భవిత ఉండేది. గుంటూరు పిల్ల, సాత్విక క్లాసే. ఆ ఇంట్లో నా దగ్గర కూర్చునేది ఆ పిల్లొక్కతే. "ఆంటీ, పప్పు మిగిలిందా? నా వంట నేనే తినలేకపోతున్నా," అంటూ గిన్నె పట్టుకుని వచ్చేది. పది నిమిషాలే. ఆ పది నిమిషాల కోసం నేను పప్పు ఎక్కువే వండేదాన్ని.

సాత్విక ల్యాప్‌టాప్ పాతది. కాల్గరీకి వెళ్ళిపోతున్న ఒక సీనియర్ దగ్గర తీసుకుంది. మధ్యాహ్నం పడుకునే ముందు దాన్ని చార్జింగ్‌కు పెట్టి నాకు అప్పగించేది.

"అమ్మా, ఎనభైకి రాంగనే వైరు తీసెయ్యి. రోజూ నూరు దాకా పోనిచ్చి అట్లనే ఉంచితే బ్యాటరీ తొందరగా పాడైతది."

"ఎనభై అని ఎట్ల తెలుస్తది?"

"మూత కొంచెం ఎత్తి చూడు. మూలకు అంకె ఉంటది."

నేను ఎనిమిదో తరగతి చదివాను, అంకెలు తెలుసు. నాకూ ఒక పని దొరికిందని సంతోషపడ్డాను కూడా. కానీ ఎనభై రాగానే చేయి ఆడేది కాదు. క్లాసు మధ్యలో కరెంటు పోతే? మా ఖమ్మంలో మబ్బు పట్టగానే ట్యాంకు నింపుతాం, ఫోన్లు నింపుతాం, ఇన్వర్టర్ నింపుతాం. నిండింది ఏదైనా ఆపదలో ఆదుకుంటుందనే నాకు తెలుసు. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ నూరయ్యాక కూడా ఉంచి, పిల్ల లేచే వేళకు తీసేదాన్ని.

అక్టోబరులో చలి మొదలైంది. మా ఇంట్లో టీవీకీ మిక్సీకీ వాషింగ్ మెషీన్‌కీ అన్నిటికీ గుడ్డ తొడుగులుంటాయి, నేను కుట్టినవే. ఈ ల్యాప్‌టాప్ ఒక్కటీ ఒంటిమీద బట్ట లేని పిల్లలా ఉండేది. నా పాత నేతచీర మూడు మడతలు వేసి, దగ్గర దగ్గరగా కుట్టు వేసి, దానికి సరిపోను చిన్న బొంత కుట్టాను. గోడ కింద వేడిగాలి వచ్చే జాలీ ఉండేది. పిల్ల నిద్రపోగానే ల్యాప్‌టాప్‌ను బొంతలో పెట్టి, వైరు తగిలించి, ఆ జాలీ మీద ఉంచేదాన్ని. చలికి మనుషులమే కొయ్యబారిపోతుంటే దానికి మాత్రం ఏమీ కాదా అనుకున్నాను. లేచేలోపు తీసి బల్ల మీద పెట్టేదాన్ని.

బొంతను చూసి సాత్విక పడీపడీ నవ్వింది. "దీనికి మంకీ క్యాప్ గూడా కుట్టకపోయినవా?" అంది. దుమ్ము పడకుండా కప్పుతున్నానేమో అనుకుంది.

నవంబరు చివర ఒకరోజు క్లాసులో నలభై నిమిషాలకే ల్యాప్‌టాప్ ఆగిపోయిందట. ఇంటికొచ్చి ఏవో నొక్కి ఒక లెక్క బయటికి తీసింది.

"బ్యాటరీ కొత్తప్పుడు యాభై వాట్-అవర్లు పట్టేది. సెప్టెంబరుల చూసినప్పుడు ముప్పై ఎనిమిది. ఇప్పుడు ఇరవై రెండు. మూడు నెలల్ల ఇంత ఎట్ల పడిపోతది?"

"కొత్త బ్యాటరీ వెయ్యరాదా?" అన్నాను.

"అడిగిన. ఈ మోడల్‌ది ఎక్కడా లేదు, రావడానికి నెల పడ్తదన్నరు. పన్నెండో తారీఖు ఫైనల్ ఎగ్జామ్. మూడు గంటలు, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళదే. ఆ హాల్‌ల ప్లగ్గులు గోడ వెంబడే ఉంటయి. అరవై మందిమి, పది సీట్లు. ఫెయిలైతే ఇంకో సెమిస్టర్. నా స్టడీ పర్మిట్ అప్పటిదాకా లేదు."

అంతే. పరీక్ష పోవడం, పర్మిట్ పోవడం, పిల్లను పోలీసులు ఎయిర్‌పోర్టులో నిలబెట్టడం, అన్నీ నా కళ్ళముందు వరసగా జరిగిపోయాయి.

ఆ సాయంత్రం వంటగదిలో సాత్విక, భవితల గొంతులు లేచాయి.

"అక్టోబరుల మూడు రోజులు నువ్వు తీస్కపోయినవ్. సినిమాలు పెట్టి రాత్రంతా ఒదిలేసినవా ఏంది?"

"నా ల్యాప్‌టాప్ రిపేర్‌లో ఉంటే అసైన్‌మెంట్ రాసుకున్నానే! సినిమాలెక్కడివి?"

"మరి దానంతట అదే పాడైందా?"

"నన్నడుగుతావేంటి? ఇంకెప్పుడూ నీ వస్తువు ముట్టుకోను, సరేనా?"

తలుపు ధన్‌మంది. మర్నాటి నుంచి భవిత పప్పుకు రాలేదు. ఎదురుపడితే "బావున్నారా ఆంటీ" అని తలొంచుకుని వెళ్ళిపోయేది. నా రోజుకు ఆ పది నిమిషాలు కూడా లేకుండా పోయాయి. చేయి అలవాటుకొద్దీ ఎక్కువ వండిన పప్పు ఫ్రిజ్‌లో డబ్బాలకెత్తుకుంటూ, పాపం ఆ పిల్ల అలా చేసి ఉంటుందా అని ఆలోచించేదాన్ని. నా మీద నాకు అనుమానమే రాలేదు.

పరీక్ష రెండు రోజులుందనగా, పైన ఉండే ఇంటి ఓనరు రూప కిందికి వచ్చింది. హైదరాబాదు అమ్మాయే, ఇంట్లోంచే ఐటీ ఉద్యోగం చేసుకుంటుంది.

"ఆంటీ, హీటర్ గాలి సరిగ్గా రావట్లేదని పక్కగది పిల్లలు మెసేజ్ పెట్టారు. జాలీ మీద ఏమైనా పెట్టారా?" అంటూ గదిలోకి వచ్చి బొంతను చూసింది. "ఇదేంటి?" అని చేయి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది. "అమ్మో! పెనంలా కాలుతోంది. లోపల ల్యాప్‌టాప్ ఉందా? చార్జింగ్‌లోనా?"

సాత్విక నిద్రపోతోంది. నేను వేలు పెదాల మీద పెట్టి, వైరు తీసి, బొంతతో సహా దాన్ని పట్టుకుని బయటికి రమ్మన్నాను.

"చలికి పాడవుతుందని..." అన్నాను. రూప బొంత విప్పి, మూత ఎత్తి చూసింది.

"చార్జ్ అయ్యేటప్పుడు దానికదే వేడెక్కుతుందాంటీ. ఆ వేడి బయటికి పోవాలి. మీరు బొంత కప్పి, కింద మంట పెట్టినట్టు చేశారు. పైగా నూరు చూపిస్తోంది. వేడిలో నిండుగా ఉంచితే బ్యాటరీ అన్నిటికన్నా త్వరగా చచ్చిపోతుంది. ఎన్నాళ్ళనుంచి?"

"రెండు నెలలు."

రూప ల్యాప్‌టాప్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. "బ్యాటరీ ఉబ్బలేదు, అదృష్టం. ఉబ్బితే అస్సలు వాడొద్దు," అంది. పైకి పోతూ, "నేను సాత్వికకు చెప్పనులెండి," అంది.

ఆ మాటే నన్ను కూర్చోనివ్వలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. తిరుగు ప్రయాణం ఫిబ్రవరిలో. భవిత మీద పడ్డ మాట అలాగే ఉండిపోతుంది, నేను విమానం ఎక్కేస్తాను. చెబితే? ఈ దేశంలో నాతో మాట్లాడే ఒకే ఒక్క మనిషి నా కూతురు. అది కూడా మాట్లాడకపోతే ఫిబ్రవరి దాకా ఈ నాలుగు గోడల మధ్య ఎలా ఉండాలి?

మూడింటికి సాత్విక లేచింది. టీ ఇచ్చాను. జడ వేసుకుంటుంటే వెనక నిలబడి చెప్పేశాను. ముఖం చూస్తూ చెప్పే ధైర్యం లేకపోయింది.

"బ్యాటరీ పాడు చేసింది భవిత కాదు తల్లీ. నేను." బొంత, జాలీ, నూరు, అన్నీ చెప్పాను.

దువ్వెన ఆగింది. "ఎనభైకి తియ్యమని చెప్పిన గదమ్మా."

"కరెంటు పోతదేమోనని..."

"ఇక్కడ ఎన్నిసార్లు పోయింది? చెప్పు, నువ్వొచ్చినప్పటిసంది ఎన్నిసార్లు పోయింది?"

ఒక్కసారీ పోలేదు. సాత్విక బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. కిటికీలో నల్లబూట్లు గబగబా దాటిపోయాయి. లేసు వదులుగానే ఉంది.

ఆ రోజు వచ్చాక అన్నం తింది కానీ మాట్లాడలేదు. తర్వాతి రోజూ అంతే. రెండో రోజు సాయంత్రం మాత్రం భవిత గది ముందు చాలాసేపు నిలబడి, తలుపు కొట్టడం చూశాను. లోపల ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. నేను వంటగదిలో కుళాయి కట్టేసి మరీ విన్నాను.

పన్నెండో తారీఖున సాత్విక కాఫీ షాపు పని మధ్యాహ్నానికి మార్చుకుంది. పొద్దున భవితే మా గదికి వచ్చింది. "సాత్వికా, నడువు. హాలు తొమ్మిదికి తెరుస్తారు. ఏడున్నరకే పోయి గుమ్మం ముందు కూర్చుందాం. గోడ పక్క సీట్లు ముందు వచ్చినవాళ్ళకే." తర్వాత నా వైపు చూసి, "ఏంటాంటీ, ల్యాప్‌టాప్‌ని ఇడ్లీపాత్రలో పెట్టినట్టు ఉడకబెట్టారంటగా!" అంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "కోపం లేదా అమ్మా నీకు?"

"మీ అమ్మాయి మీదుంది. మీ మీద ఎందుకు?"

సాత్విక ల్యాప్‌టాప్‌ను బ్యాగులో పెట్టబోయి ఆగింది. బయట మైనస్ పన్నెండు. నేను పెట్టె అడుగున దాచేసిన బొంతను వెతికి తీసింది. ల్యాప్‌టాప్‌ను ఆపేసి, అందులో పెట్టి, బ్యాగులోకి దించింది. "బయటికి తీస్కపోయేటప్పుడైతే మంచిదే," అంది, ఎటో చూస్తూ. రెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

వాళ్ళు వెళ్ళాక నేను బల్ల ముందు కూర్చున్నాను. గోడ పక్క సీటు దొరికిందో లేదో. దొరికినా ప్లగ్గు పని చేస్తుందో లేదో. పని చేసినా వైరు ఎవరి కాలికైనా తగిలి ఊడితే? తొమ్మిదికి మొదలైతే పన్నెండుకు అయిపోవాలి. పన్నెండైంది. పన్నెండున్నరైంది. ఫోన్ మోగలేదు. పప్పు ముగ్గురికి వండి మూత పెట్టాను.

ఒంటిగంట దాటాక కిటికీలో నల్లబూట్లు కనపడ్డాయి. వాటి పక్కనే భవిత గోధుమరంగు బూట్లు. రెండు జతలూ అక్కడే ఆగాయి. నేను కుర్చీ ఎక్కాను. సాత్విక మంచులో మోకాలు ఆనించి కిందికి వంగింది. గ్లోవుతో అద్దం తుడిచి, ముఖం దగ్గరగా పెట్టి ఏదో చెప్పింది. రెండు అద్దాల అవతల మాట వినపడలేదు. బొటనవేలు పైకెత్తి చూపించింది. తర్వాత మణికట్టు మీద కొట్టి, బస్సు వచ్చే వైపు చేయి ఊపింది. పనికి టైమైపోయిందని కాబోలు. నేను తన బూటు వైపు వేలు చూపించాను, లేసు, లేసు అని. చూసిందో లేదో తెలియదు.

రెండు జతలూ పరుగెత్తాయి.

తను తుడిచిన చోటు మళ్ళీ తెల్లగా మంచు పట్టేదాకా కుర్చీ మీదే నిలబడ్డాను. తర్వాత దిగి, పప్పు మూడు డబ్బాల్లోకి సర్ది, రెండింటి మీద మూతలు పెట్టి, మూడోది నా ముందు పెట్టుకున్నాను.