ఆవాలు వేరు, జీలకర్ర వేరు

గవర్రాజు గోదావరి లంకలో ఇసుక మీద నడుస్తున్నాడు. అటూ ఇటూ, సంతలో ఎడ్లను నిలబెట్టినట్టు, స్పీకరు బాక్సులను పలుపుతాళ్ళతో గుంజలకు కట్టి నిలబెట్టారు. కొనవచ్చినవాళ్ళు ఒక్కోదాని నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టి, వీపు మీద చరిచి, "దీనికి బేసు ఉంది గానీ నడక లేదు" అని పెదవి విరిచి పక్కదాని దగ్గరికి పోతున్నారు. ఇందులో గవర్రాజుకు వింతేమీ తోచడం లేదు. నలభై ఏళ్ళు ఆచంటలో స్పీకర్లమ్మినవాడికి ఏ సంతైనా తన కొట్టులాగే ఉంటుంది. ఎటొచ్చీ తను ఇక్కడికి కొనడానికి రాలేదు, అమ్మడానికీ రాలేదు. ఒక మనిషిని ఒకే ఒక మాట అడగడానికి వచ్చాడు, ఆ మనిషి ఏ గుంజ దగ్గరుందో తెలియడం లేదు.

"చెవుల గవర్రాజుగారొచ్చారు, దారివ్వండి" అని ఎవరో అంటే జనం పక్కకు తప్పుకుంటున్నారు. ఆ బిరుదు ఊరికే రాలేదు మరి. ఒకసారి ఆయన ఎంచి ఇచ్చిన బాక్సులో ఉరుముల రికార్డు వేస్తే మూడు వీధుల ఆడవాళ్ళు మేడల మీద ఆరబెట్టిన వడియాలు లోపలికి తీసుకుపోయారు, ఒక రైతు గొడుగు పట్టుకుని వరి పనల మీద పట్టా కప్పడానికి చేలోకి పరుగెత్తాడు, నమ్మకపోతే మానండి గానీ ఆ పట్టా కప్పబట్టే మర్నాటి అసలు వాన నుంచి ఆ రైతు పంట దక్కింది. ఏ ఇంటికి ఏ కంపెనీ బాక్సు పనికొస్తుందో గవర్రాజు చెబితే, పక్క ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చి అదే కొనుక్కుపోయేవారు. అయితే ఎవరడిగినా అప్పటికప్పుడు చెప్పేవాడు కాదు. "రేపు చెప్తాను" అనేవాడు. అంత నిదానం గలవాడు గనకే అంత పేరని జనం అనుకునేవారు.

ఎక్కడో చిటపటమంటోంది. ఆవాలు. గవర్రాజు ఆ చప్పుడు పట్టుకుని పోతుంటే కాళ్ళకింద ఇసుక కాస్త కాస్తగా గట్టిపడి వంటింటి గచ్చవుతోంది, గుంజలు అలమరలవుతున్నాయి, గోదావరి మాత్రం ఎటూ పోలేక తూములోంచి సన్నగా కారుతోంది. పొయ్యి ముందు పీట మీద, ఇటు వీపు పెట్టి, తల వంచుకుని, భార్య వరాలు గోరుచిక్కుళ్ళు తుంపుతోంది. చనిపోయి ఎనిమిది నెలలైన మనిషి చిక్కుళ్ళు తుంపడమేమిటని గవర్రాజు అనుకోడు. ఇన్ని కాయలు ఇద్దరికెందుకని అనుకుంటాడు.

"వచ్చారా. కాళ్ళు కడుక్కోండి, ఇసక" అంటుంది ఆమె వెనక్కి తిరక్కుండానే.

"నీకెలా తెలిసిందే నేనని?"

"ఇంకెవరొస్తారండీ నా వంటింట్లోకి చెప్పులతో."

సంగతేమిటంటే, ఆ చెవులు గవర్రాజువి కావు. కొత్త కంపెనీ బాక్సులు ఏవొచ్చినా రెండు రకాలు ఇంటికి తెచ్చి, వరాలు వెనకాల పెట్టి, ఏది ఏదో చెప్పకుండా ఒకదాని తరవాత ఒకటి మోగించేవాడు. పాటలు మోగించేవాడు కాదు. "పాటేస్తే ఏ బాక్సైనా ముద్దొస్తుందండీ, పెళ్ళిబట్టల్లో పిల్లలాగ" అనేది ఆమె. అందుకని ఆమె పోపు పెడుతుంటే ఒక కేసెట్టు నింపుకున్నాడు: నూనె కాగడం, ఆవాలు చిటపటలాడడం, జీలకర్ర సుయ్యిమనడం, చివర్న విసుగ్గా ఆమె గొంతు. మంచి బాక్సులో ఆవాలు వేరు, జీలకర్ర వేరు వినబడాలి. రెండూ కలిసి వాన చప్పుడైతే అది ఎంత పేరున్న కంపెనీదైనా వెనక్కే. ఆమె గెలిచినదాని వీపున తడి పసుపుతో ఒక బొట్టు పెట్టేది, మర్నాడు గవర్రాజు కొట్లో కూర్చుని అదే తీర్పు తన తీర్పుగా చెప్పేవాడు. చూసినవాళ్ళు ఆ బొట్టు పూజ బొట్టనుకునేవారు. గవర్రాజు కాదనేవాడు కాదు.

"మాస్టారికి చెప్పారా, ఏది కొనాలో?" అంటుంది వరాలు.

బుచ్చిరామం మాస్టారు హార్వెల్ కంపెనీ బాక్సు కొనాలా కిన్నెర కంపెనీది కొనాలా అని అడిగిన సాయంత్రమే గవర్రాజు రెంటినీ ఇంటికి తెచ్చాడు. మూడోనాడు వరాలును ఆస్పత్రికి తీసుకుపోయారు. మాస్టారు పాపం ఎనిమిది నెలలుగా రేపటి కోసం చూస్తున్నాడు.

"నువ్వు చెప్పందే ఎలా చెప్తానే" అంటాడు గవర్రాజు.

"అయితే పెట్టండి, వింటాను."

అలమర తలుపులు తెరుచుకుంటే లోపల పచ్చడి జాడీల మధ్య రెండు బాక్సులూ ఉన్నాయి. హార్వెల్ మోగుతోంది. దాని బేసుకు గచ్చు అదురుతోంది, జాడీలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, ఆవగింజలు ఒక్కోటి శనగంత లావున రాలుతున్నాయి.

"అబ్బో" అంటుంది వరాలు. "మాస్టారిది పదడుగుల గది. ఇంత బేసు ఎక్కడ పెట్టుకుంటారండీ, పెరట్లో కట్టేస్తారా? కిన్నెర కన్నా రెండింతలు పోసి కొనేది ఆ చెక్క నునుపుకా?"

"పేరుందే దానికి."

"మీకు మాత్రం లేదేంటి పేరు."

ఆ మాట మామూలుగానే అంది.  గవర్రాజు ఆవిడ ముందు కూర్చుందామని పొయ్యి చుట్టూ తిరిగి వెళతాడు, ఎటు వెళ్ళినా వీపే ఎదురవుతోంది.

"నిజం చెప్పనా" అంటుంది ఆ వీపు. "రెండేళ్ళనించీ నాకు ఆవాలు వినబళ్ళేదండి. ముందు ఆవాలు పోయినయ్, తరవాత జీలకర్ర, తరవాత మీరు వీధిలోంచి పిలవడం."

"మరి బొట్టెలా పెట్టేదానివే?"

"తల వంచుకుని కూచునేదాన్ని కదండీ. పక్కన మీ పాదం కనబడేది. మీకు నచ్చింది మోగితే మీ కాలి బొటనవేలు ఆడుద్ది. అది ఆడినదానికి పెట్టేదాన్ని."

గవర్రాజు కిందికి చూసుకుంటాడు. బొటనవేలు తనదే, ఎవరి మాటా విననట్టు ఇప్పుడూ ఆడుతోంది. రెండేళ్ళు ఊరంతా తన కాలివేలి మాట విని బాక్సులు కొన్నదన్నమాట. ఇంకోరోజైతే ఈ సంగతికి కడుపు చెక్కలయ్యేలా నవ్వి, దానికి రెండు కలిపి పది ఊళ్ళలో చెప్పేవాడు. కానీ ఆ రెండేళ్ళూ ఇంట్లో రోజు విడిచి రోజు పోపు మాడింది. ఆవాలు ఎప్పుడు ఆగాయో తెలియక మాడింది. పెళ్ళాం చెవులతో బతికినవాడు, విస్తరి ముందు కూర్చుని నల్లటి ఆవగింజను వేలితో ఎత్తి చూపించాడే తప్ప, దాని చప్పుడు ఈవిడకు చేరుతోందా అని ఒక్కనాడు అనుకోలేదు.

"పోపు మాడిందని నిన్ను ఎన్ని మాటలన్నానే వరాలూ."

"ఒక్కటీ వినబళ్ళేదు లెండి" అంటుంది ఆమె, చిక్కుడుకాయ పుటుక్కున తుంపి.

గవర్రాజు నవ్వబోతాడు. నవ్వు సగంలో ఇంకోటైపోతుంది. వంటిల్లు పొడుగ్గా సాగి ఆస్పత్రి వరండా అవుతోంది, పీట ఇనప మంచమవుతోంది, పసుపు గిన్నె ఉన్నచోటే ఉంది, చిక్కుళ్ళు మాత్రం ఆమె ఒళ్ళో నుంచి దుప్పటి మీదికి పాకాయి. అడగవలసింది ఇప్పుడే. ఆ రోజు ఇదే మంచం మీద కూర్చుని, ఆమె చెవిలో నోరు పెట్టి, నలభై ఏళ్ళ మాట ఒకటి చెప్పాడు: కొట్టు నీదే వరాలూ, పేరు నీ చెవులది, లేచి రా, ఊరందరికీ నేనే చెప్తాను. చెప్పి ఇవతలకు వస్తుంటే డాక్టరు, ఈవిడకు చాలాకాలంగా చెవులు వినబడవు కదా, మీకు తెలియదా అన్నాడు. తెల్లారేసరికి వరాలు లేదు. ఆ మాట చేరిందో, గాల్లో పోయిందో అప్పటి నుంచీ గవర్రాజుకు తేలడం లేదు. అన్నం కలుపుకుంటూ దాన్నే కలుపుతాడు.

"ఆస్పత్రిలో నీ చెవిలో ఒకటి చెప్పాను. విన్నావా?"

"ఏమన్నారేంటి?"

అతను చెబుతాడు. చెబుతున్నట్టే ఉంది గానీ నోట్లోంచి నూనె కాగే చప్పుడు తప్ప ఏమీ రావడం లేదు. "అలా కాదండీ, ఇందులో చెప్పండి" అని ఆమె గరిటె అందిస్తుంది. గరిటె మైకే. హార్వెల్‌లోంచి అతని మాట వస్తుంది. ఎన్నికల జీపు మీంచి వచ్చినట్టు నిండుగా, బరువుగా, ఏ తప్పూ ఎన్నడూ చేయని పెద్దమనిషి గొంతు. వరాలు అరచెయ్యి బాక్సు మీద పెట్టి తీసేస్తుంది. తరవాత కిన్నెరలోంచి వస్తుంది. అక్కడ గొంతు సన్నగా ఉంది, మధ్యలో జీర ఉంది, "లేచి రా" దగ్గర విరిగిపోయి మళ్ళీ అతుక్కుంది. ఆమె అరచెయ్యి ఆ బాక్సు మీద అలాగే ఉండిపోతుంది.

"హార్వెల్లో మీరు దొరబాబులా ఉన్నారు" అంటుంది చివరికి. "కిన్నెరలో మీరే ఉన్నారు. మాస్టారికి ఇదే చెప్పండి."

"మాట వినబడిందా మరి?"

"మాట తెలీలేదండి. అదురు తెలిసింది."

"ఆ రోజు? ఆ రోజు నీ చెయ్యి ఎక్కడుందే? నా గుండె మీదుందా, ఈ మంచం కమ్మీ మీదుందా? ఎంత తల బాదుకున్నా గుర్తు రావడం లేదు. గుండె మీదుంటే అదురైనా తెలిసుంటుంది కదా. అదొక్కటి చెప్పు, ఇంకేం అడగను."

వరాలు ఇప్పుడు ఇటు తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది, వరండా అంతా ఆమెతో పాటు మెల్లగా తిరుగుతోంది, ముక్కుపుడక కనబడుతోంది, చెంప కనబడుతోంది, మొహం ఇంకా రావలసే ఉంది.

"చెప్తానన్న మాట చెప్పకుండా, నాకు వినబడిందా లేదా అని అడుగుతారేంటండీ. నాకు వినబడితే ఏం, లేకపోతే ఏం. వినాల్సినవాళ్ళెవరూ వినలేదు కదా."

 ఎనిమిది నెలల్లో ఎంతమంది పలకరింపుకు వచ్చారు, ఎంతమంది ఆ గుమ్మంలో కూర్చుని "మీ అంత చెవి ఈ జిల్లాలో లేదు" అన్నారు. గవర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు, తల ఊపాడు.

"చెప్తానే" అంటాడు. "రేపు."

ఆమె నవ్విందో ఏమో, గాజులు కదిలాయి. పసుపు గిన్నెలో వేలు ముంచి ఆ వేలు చాస్తోంది, బాక్సు కోసమో తన కోసమో తెలియక గవర్రాజు వంగుతున్నాడు, ఆవాలు హోరుగా పేలుతున్నాయి, ఇంకొక్క క్షణముంటే ఆ మొహం పూర్తిగా ఇటొస్తుంది.

"ఇంక ఆపండి, మాడిపోతుంది" అంది వరాలు.

టక్కుమంది.

కేసెట్టు అయిపోయి మీట పైకి లేచింది. మిట్ట మధ్యాహ్నం. గవర్రాజు ముందుగదిలో, గోడకు వీపు పెట్టి నిలబడిన రెండు బాక్సుల మధ్య చాపమీద ఒరిగి ఉన్నాడు. ఆవిడ పోయాక ఇవాళే, అన్నం తిన్నాక ధైర్యం చేసి ఆ కేసెట్టు పెట్టాడు. ఆవాలు పేలకముందే కునుకు పట్టినట్టుంది. కుడిచెయ్యి కిన్నెర వెనకాల, బాక్సుకూ గోడకూ మధ్య ఇరుక్కుపోయింది. తిమ్మిరెక్కిన చేతిని రెండో చేత్తో పట్టుకుని లాక్కున్నాడు.

చూపుడువేలి కొసన పసుపు అంటి ఉంది.

 గవర్రాజు లేచి, మోకాళ్ళ మీద వంగి, బాక్సును గోడ నుంచి ఇవతలికి తిప్పాడు. వీపున, మూలకు, ఎండి బీటలిచ్చిన పసుపు బొట్టు. వేలు రాసుకున్నచోట కొంచెం చెరిగింది. హార్వెల్‌నూ తిప్పి చూశాడు. దాని మీద ఏమీ లేదు. ఈ రెంటినీ అతను ఆమెకు వినిపించనే లేదు. అతను కొట్టుకు పోయిన ఆ రెండు రోజుల్లో ఎప్పుడో, ఆడే కాలివేలు పక్కన లేకుండా, ఒంటరిగా, అరచెయ్యి పెట్టి చూసుకుందన్నమాట.

గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. "గవర్రాజుగారూ, నిద్ర చెడగొట్టలేదు కదా" అన్నారు బుచ్చిరామం మాస్టారు. "తొందరేం లేదండి, ఇటుగా పోతూ అడిగాను. ఏది కొనమంటారో ఇంకా తేలలేదా?"

రేపు అన్న మాట నోటిదాకా వచ్చింది.

"కిన్నెర, మాస్టారూ" అన్నాడు గవర్రాజు. గొంతు సన్నగా, జీరగా ఉంది. "నేను కాదు చెప్పింది. కూర్చోండి. మొదటినించీ నేను కాదు."

మాస్టారు అర్థంకాక చాపమీద కూర్చున్నారు. గవర్రాజు పసుపు వేలిని పంచెకు తగలకుండా ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో కేసెట్టును వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు.