పసుపు మింగిన తాళంకప్ప

నేను ఒక ఇత్తడి తాళంకప్పను. చూడ్డానికి అరచేయంతే ఉంటాను గానీ బరువు బాగానే ఉంటుంది. పుట్టింది దిండిగల్‌లో. నన్ను చేసిన ముసలాయన నా కడుపులోని మీటలను ఒక్కొక్కటిగా ఆకురాయి పట్టి నునుపు చేశాడు. తాళంచెవి తిప్పగానే నేను ‘టక్’మంటే, కొడుక్కి పెళ్ళి కుదిరినంత సంబరపడ్డాడు. నాకు కాస్త గర్వం ఎక్కువంటారు. మరి పుట్టుకే అలాంటిది!

కాకినాడ నుంచి పళని యాత్రకు వచ్చిన వెంకటరత్నంగారు తిరుగు ప్రయాణంలో నన్ను కొన్నారు. కొత్త ఫ్లాటుకు తాళమని రైల్లో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చూపించారు. ఫ్లాటు ఆయనదే. దాని కింద నేల మాత్రం చింతలపాటివారి సత్రం ట్రస్టుది, ముప్పై మూడేళ్ళకు లీజు. గోడలు ఒకరివి, నేల ఇంకొకరిది, కాపలా నాది. మనుషుల ఈ ఏర్పాటు నాకెప్పటికీ అంతుపట్టలేదు. వెంకటరత్నంగారు కాలం చేశాక ఆయన భార్య మంగతాయారుగారి చేతికి వచ్చాను. చూస్తూ చూస్తూ ఉండగానే లీజు గడువు కూడా దగ్గరపడింది.

లీజు పొడిగించడానికి ఆ ట్రస్టులో ఒక ఆచారం ఉంది. గడువు ముగిసే రోజున ఇంటివాళ్ళు బయటికి వచ్చి తలుపుకు తాళం వెయ్యాలి. తాళంచెవిని తాంబూలంలో పెట్టి ట్రస్టు పెద్దకు అప్పగించాలి. ఆయన తన చేత్తో తలుపు తీసి, ఎన్నేళ్ళు కావాలో గుమ్మంలోనే అడిగి, చెవి తిరిగి ఇస్తారు. ఈలోగా ఇంటివాళ్ళు తాళాన్ని ముట్టుకోకూడదు. పొద్దుగూకేలోగా తలుపు తెరుచుకోకపోతే ఇల్లు ట్రస్టుపరమై వేలానికి పోతుంది. కింది వాటా అలాగే పోయింది, ఆ ఇంటాయన ఆ రోజు ఊళ్ళో లేక.

ఆ రోజు రానే వచ్చింది. మంగతాయారుగారికి డెబ్బై మూడేళ్ళు. పొద్దున్నే నన్ను చింతపండుతో తళతళలాడేలా తోమి, తలుపుకు వేశారు. అక్కడితో ఆగితే బాగుండేది. శుభమా అని ఇల్లు నిలబడే రోజు కదా, నా ముఖం నిండా తడి పసుపు ముద్దగా మెత్తి కుంకుమబొట్టు పెట్టారు. “పెళ్ళికూతురివే నువ్వు!” అని మురిసిపోయారు. నేనూ పొంగిపోయాను. ఆ పసుపు నా నోట్లోంచి గొంతులోకి జారి, ఎండకు గట్టిపడుతోందని ఇద్దరికీ తట్టలేదు.

ట్రస్టు పెద్ద జగ్గరాజుగారు జరీ కండువాతో వచ్చేసరికి పొద్దు వాలింది. తాంబూలం అందుకుని, తాళంచెవి నా నోట్లో పెట్టారు. దిగలేదు. ఇంకోసారి నొక్కారు. ఊహూఁ.

“అదేంటండి పిన్నిగారూ, కదలట్లేదేంటి?”

“కాస్త పైకెత్తి తొయ్యండి రాజుగారూ!”

ఇంక చూడాలి! మెట్ల మీద చేరినవాళ్ళంతా తాళాల పండితులైపోయారు. ఎత్తమని ఒకరు, దించమని ఒకరు, తలుపును భుజంతో గుద్దమని ఒకరు. పైవాటా సన్యాసిరావుగారైతే ఏకంగా ఇనుము కోసే ఆక్సా బ్లేడు పట్టుకొచ్చేశారు. “ఎందుకండీ ఈ గోలంతా? కోసేద్దారి!”

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

“కొయ్యడానికి అదేవన్నా దోసకాయేంటండీ?” అని మంగతాయారుగారు కయ్యిమన్నారు.

“కోస్తే తీసినట్టవదండి, పగలగొట్టినట్టవుద్ది. లీజు చెల్లదు,” అన్నారు రాజుగారు చెమట తుడుచుకుంటూ. పాపం ఆయనకూ ఇవ్వాలనే ఉంది. తెరుచుకోవాలని అందరికంటే ఎక్కువ నాకుంది! గొంతులో పసుపుతో ఏం చెప్పను?

ఎదురు మేడ మీద ఎండ సన్నబడింది. మంగతాయారుగారి ముఖం పాలిపోయింది. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి నా నోట్లోకి తొంగిచూశారు. అంతే, పకపకా నవ్వేశారు.

“నా మతి మండిపోనూ! దీని గొంతు దాకా పసుపు కుక్కేశానండి!”

ముడిలోంచి పిన్ను లాగి రాజుగారికిచ్చారు. జుట్టంతా వీపు మీద పడింది. ఆయన కండువా నడుముకు బిగించి, గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని, పిన్నుతో గీకి ఉఫ్ఫున ఊదారు. పసుపంతా ఎగిరి ఆయన ముఖానే పడింది. ఎవరో కొబ్బరినూనె అందించారు. రెండు చుక్కలు, ఒక తిప్పు.

టక్!

సన్యాసిరావుగారు ఆ వయసులో ఈల వేశారు. పచ్చటి ముఖంతోనే రాజుగారు లేచి అడిగారు. “చెప్పండి పిన్నిగారూ, పదకొండేళ్ళకా, ముప్పై మూడేళ్ళకా?”

“పదకొండు చాలండే,” అని సన్యాసిరావుగారు గొణిగారు.

“ముప్పై మూడు రాయించండి,” అన్నారావిడ జుట్టు ముడేసుకుంటూ. “పదకొండేళ్ళకైతే గోడలకి సున్నంతో సరిపెట్టుకోవాలి. ముప్పై మూడేళ్ళంటే మంచి రంగులేయించుకోవచ్చు.”

నేను ఇత్తడిని. ఇంకో వందేళ్ళకు ఢోకా లేదు. అయినా రేపటి గురించి ఆవిడకున్నంత సంబరం నాకెన్నడూ కలగలేదు. ఆవిడ మర్నాడే మేస్త్రీని పిలిపించారు. పడగ్గదికి గులాబీ రంగా, చిలకపచ్చా అని పొద్దస్తమానం తేల్చుకోలేక, చివరికి రెండు గోడలకు ఒకటి, రెండు గోడలకు ఇంకొకటి వేయించేశారు.