బల్ల కింద పెళ్ళిచూపులు

తైపీలో బస్సెక్కింది మొదలు తియెన్-ఫు కిటికీ ఊచ వదల్లేదు. ముప్పయ్యేళ్ళు సిటీబస్సు నడిపి రిటైరైన మనిషి, ఇవాళ ప్రయాణికుల సీట్లో కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకు తొక్కుతున్నాడు. పక్కన యూ-లాన్ మాత్రం నిక్షేపంగా వేరుశనక్కాయలు ఒలుచుకు తింటోంది.

ఆవిడకి అరవై రెండు. మొగుడు పోయి తొమ్మిదేళ్ళయింది. పార్కులో డ్యాన్సు నేర్చుకునేచోట పరిచయమైన తియెన్-ఫు పెళ్ళి మాటెత్తితే ఔననలేదు, కాదనలేదు. "జూషి తాతని అడుగుతాను. వరసగా మూడుసార్లు సరేనంటే చేసుకుంటాను," అంది. తాతంటే గుళ్ళో దేవుడు. ఆయన్ని అడగడమంటే నెలవంకల్లాంటి చెక్కలు రెండు నేలమీద వేయడం. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరే. రెండూ బోర్లా పడితే వద్దు. రెండూ వెల్లకిలా పడితే తాత నవ్వుతున్నట్టు. అప్పుడు మళ్ళీ మొదటినుంచీ అడగాలి.

బస్సు దిగి గుళ్ళోకి వెళ్తే స్తంభాల నిండా రాతిపిట్టలే. జనం మెడలు నొప్పెట్టేలా చూస్తున్నారు. తియెన్-ఫుకి మాత్రం ఆ పిట్టలన్నీ తన గురించే గుసగుసలాడుతున్నట్టు అనిపించింది.

యూ-లాన్ మోకరిల్లి పేరు, పుట్టినరోజు, చిరునామా చెప్పుకుంది. "ఐదో అంతస్తు తాతా, లిఫ్టు లేదు," అని కూడా చేర్చింది. తర్వాత నలుగురికీ వినబడేలా, "ఈ మనిషిని చేసుకోమంటావా?" అని అడిగేసింది.

మొదటిసారి సరే. రెండోసారీ సరే. మూడోసారి ఒక చెక్క ఆవిడ ముందే వెల్లకిలా పడింది. రెండోది గచ్చుమీద జర్రున జారి, నైవేద్యాల బల్లకి కట్టిన తెర కిందికి దూరిపోయింది.

"ముట్టుకోకండి! పడ్డది పడ్డట్టే చూడాలి," అని అరిచింది యూ-లాన్.

తియెన్-ఫు అప్పటికే పాకుతున్నాడు. తల దూరింది, భుజాలు దూరాయి, పొట్ట ఇరుక్కుంది. లోపల చిన్న పులిదేవుడు, ఆయన ముందు ఎవరో పెట్టిన పచ్చిగుడ్డు. గుడ్డు పక్కనే చెక్క, వెల్లకిలా.

తాత నవ్వాడు!

ఒక్క వేలితో తిప్పేస్తే చాలు. బయట ఎవరికీ కనబడదు. వేలు చాపాడు కూడా. అంతలోనే చచ్చేంత సిగ్గేసింది.

"వెల్లకిలా పడిందండీ," అన్నాడు ఏడుపు గొంతుతో. వెనక్కి రాబోతే గుడ్డు నుదుటికి తగిలి చితికింది, గడ్డం తగిలి చెక్క తిరగబడింది. "అయ్యో, ఇప్పుడు బోర్లా అయిందండీ! నేను కాదు, నా గడ్డం!"

"గడ్డం తగిలితే చెల్లదు," అంది అగరొత్తులు పట్టుకున్న ముసలావిడ.

"ఎందుకు చెల్లదక్కా? తాత ఈయన గడ్డంతో చెప్పించకూడదా ఏం?" అంది ఇంకొకావిడ.

ఆ వాదన తేలకముందే ఇద్దరు మగాళ్ళు కాళ్ళు పట్టి తియెన్-ఫుని బయటికి లాగారు. జుట్టు నిండా పచ్చసొన.

"మీరే తిప్పేసి సరే అనుంటే నాకు తెలిసేదా?" అని అడిగింది యూ-లాన్.

"తెలిసేది కాదండీ."

"మరి?"

"రోజూ మీ ఎదురుగా కూర్చుని అన్నం తినాలి కదండీ."

యూ-లాన్ చెక్కలు రెండూ తీసి పళ్ళెంలో పెట్టేసింది.

"మళ్ళీ వెయ్యరా?" అన్నాడు తియెన్-ఫు బెంగగా.

"ఎందుకూ? పెళ్ళి మాటెత్తితే పెద్దాయన నవ్వాడు, ఇంకేం కావాలి?" అంటూ ఆవిడ చేతిరుమాలు తీసింది. "ముందు ఆ తల ఇలా పెట్టు."